గంటే కదా

ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి విమానంలో ఎంతసేపు పడుతుంది? మూడున్నర నిమిషాలు.

నవ్వకండి. ఈ లెక్క చెప్పింది నా ప్రోగ్రామే. ఫస్టియర్ రెండో సెమిస్టర్‌లో పైథాన్ ల్యాబ్‌కి మినీ ప్రాజెక్ట్ చెయ్యమన్నారు. ఏవైనా రెండు ఊళ్ళ పేర్లు కొడితే వాటి మధ్య దూరం ఎంత, విమానంలో వెళ్తే ఎంతసేపు అని చెప్పే ప్రోగ్రామ్ రాశాను. లోపల పెద్ద మాయేమీ లేదు. ప్రతి ఊరికీ అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. భూమి గుండ్రంగా ఉంది, దాని వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు అనుకుని, ఆ గుండ్రం మీద రెండు చుక్కల మధ్య దగ్గరి దారి కొలిచే ఫార్ములా ఒకటుంది. హావర్‌సైన్ అంటారు. (ఇంగ్లిష్ మీడియం వాణ్ణి కదా, దీనికి తెలుగు మాట కోసం అరగంట వెతికి ఊరుకున్నాను.) వచ్చిన దూరాన్ని గంటకి 800 కిలోమీటర్ల వేగంతో భాగించాను, అంతే. ఏలూరుకీ గూడేనికీ మధ్య 47 కిలోమీటర్ల చిల్లర. భాగిస్తే మూడున్నర నిమిషాలు. ఏలూరులో ఎయిర్‌పోర్ట్ లేదు, గూడెంలోనూ లేదు అన్న సంగతితో ఫార్ములాకి పని లేదు.

వైవాలో మా సార్ "మీ ఊరు కొట్టు చూద్దాం" అన్నారు. శంషాబాద్ నుంచి అత్తిలి అని కొట్టాను. 343 కిలోమీటర్లు, 26 నిమిషాలు. "అయితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి రావచ్చోయ్" అని నవ్వి, మార్కులు మాత్రం బాగానే వేశారు. నెల తిరక్కుండా ఆ లెక్క మా ఇంటి మీదకే వచ్చింది.

అత్తిలి తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకుకీ భీమవరానికీ మధ్య, నిడదవోలు–భీమవరం రైలు మార్గం మీద ఉంటుంది మా ఊరు. మండల కేంద్రం. చుట్టూ వరిచేలు, కాలవలు. తణుకు దగ్గరే. గూడెం ఓ 20 కిలోమీటర్లు, భీమవరం కూడా ఇంచుమించు అంతే. విమానం ఎక్కాలంటే ఇటు రాజమండ్రి దాటి మధురపూడి వెళ్ళాలి, లేదా అటు ఏలూరు దాటి గన్నవరం వెళ్ళాలి. మధురపూడి ఎనభై కిలోమీటర్ల పైన, గన్నవరం వంద పైన. మేం రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఉన్నాం అని గొప్పగా చెప్పుకోవచ్చు. రెండింటికీ దూరంగా ఉన్నాం అని కూడా చెప్పుకోవచ్చు.

పోయిన మాఘమాసంలో, ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి అమ్మమ్మ పోయింది. అమ్మ వాళ్ళిల్లు మా వీధి చివరే కాబట్టి మేం రెండు నిమిషాల్లో అక్కడున్నాం. మావయ్య హైదరాబాద్‌లో, మియాపూర్‌లో ఉంటాడు. ఒక్కడే కొడుకు. తలకొరివి పెట్టాల్సింది ఆయనే. ఐదూ ఇరవైకి అమ్మ ఫోన్ చేసింది. అవతల కాసేపు ఏమీ మాట లేదు. తర్వాత మావయ్య అన్న మాట నాకు స్పీకర్‌లో వినపడింది: "ఫ్లైట్‌కి వచ్చేస్తానక్కా. గంటే కదా."

ఆ మాట మా ఇంట్లో ఆ పొద్దున్న ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ అమ్మ అదే చెప్పింది. తమ్ముడు ఫ్లైట్‌లో వస్తున్నాడు, గంటే కదా. ఐస్ బాక్స్ తెప్పిద్దామా అన్నారెవరో. అక్కర్లేదు, పొద్దు గూకేలోపు కానిచ్చేస్తాంగా అన్నారు పెద్దవాళ్ళు. నిజం చెప్పాలంటే నేను కూడా లోపల ఆ 26 నిమిషాలే అనుకున్నాను.

మా పెద్దమ్మగారబ్బాయి కూడా మియాపూర్‌లోనే ఉంటాడు. "మావయ్యా, కారు తీస్తున్నా, వచ్చెయ్యి" అని అడిగాడట. "ఎనిమిది గంటలు రోడ్డు మీద ఎందుకురా, నేను ఫ్లైట్‌లో వచ్చేస్తా, నువ్వు బయల్దేరు" అన్నాడట మావయ్య. ఎవరైనా అలాగే అంటారు. అన్నయ్య ఆరుంబావుకి బయల్దేరాడు. మావయ్య ఫోన్‌లో టికెట్లు చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళిళ్ళ రోజులు, పొద్దున విమానాల్లో సీట్లు లేవు. దొరికింది మధ్యాహ్నం ఒకటింబావుకి, రాజమండ్రికి.

అన్నయ్య రెండూ పదికి అత్తిలిలో దిగాడు. దార్లో రెండు సార్లు ఆగి టీ తాగాడు కూడా. ఆ టైమ్‌కి మావయ్య ఇంకా గాల్లో ఉన్నాడు.

నేను వీధి అరుగు మీద కూర్చుని విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ తెరిచాను. చిన్న పసుప్పచ్చ విమానం గుర్తు జంగారెడ్డిగూడెం మీద ఉంది. నా ప్రోగ్రామ్‌తో కొలిస్తే అక్కడికి మా ఇల్లు 58 కిలోమీటర్లు. దిగలేడు కదా. అది మమ్మల్ని దాటుకుని గోదావరి మీదుగా అవతలికి పోయింది, మధురపూడిలో దిగింది. ఇక అక్కణ్ణించి మావయ్య మళ్ళీ వెనక్కి రావాలి. మధురపూడి నుంచి అత్తిలి ఆకాశంలో కొలిస్తే 52 కిలోమీటర్లు. రోడ్డు మీద ఎనభై దాటింది. రాజమండ్రి ట్రాఫిక్, గోదావరి వంతెన, దారి పొడుగునా పెళ్ళి ఊరేగింపులు. రెండున్నర గంటలు పట్టింది.

ఐదూ ఇరవైకి వచ్చాడు. అప్పటికి అంతా సిద్ధం చేసి ఉంచారు. పంతులుగారు రెండుసార్లు ఆకాశం వంక చూసి, ఏమీ అనలేదు. మావయ్య చెప్పులు కూడా విప్పకుండా లోపలికెళ్ళి అమ్మమ్మ పక్కన కూలబడ్డాడు. పది నిమిషాలు. తర్వాత ఎవరో భుజం మీద చెయ్యి వేసి లేపారు, స్నానం చెయ్యాలి, టైమ్ అయిపోతోంది అని. పొద్దు గూకేలోపు అయితే అయింది. అన్నయ్యకి అమ్మమ్మ దగ్గర మూడు గంటలు దొరికాయి. కన్నకొడుక్కి పది నిమిషాలు.

ఆ రాత్రి అరుగు మీద మావయ్య నాతో ఒక్క ముక్కే అన్నాడు. "గంటేగా అనుకున్నాన్రా."

ఆ మాట నన్ను వదల్లేదు. కర్మలయ్యాక హాస్టల్‌కి వచ్చి ప్రోగ్రామ్ తెరిచి కూర్చున్నాను. మావయ్య రోజుని గంటలవారీగా రాసుకున్నాను. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి గుమ్మంలో అడుగు పెట్టేదాకా సరిగ్గా 12 గంటలు. అందులో విమానం ఉన్న టైమ్‌కోసం ఇంట్లో ఎదురుచూసింది నాలుగు గంటల నలభై నిమిషాలు. మియాపూర్ నుంచి శంషాబాద్ గంటంబావు. ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్నది రెండు గంటలు. విమానంలో గంటా ఐదు నిమిషాలు. దిగి, బ్యాగు తీసుకుని, కారు మాట్లాడుకునేసరికి అరగంట. రోడ్డు మీద రెండున్నర గంటలు. మొత్తం రోజులో "ఫ్లైట్ టైమ్" అన్నది వందకి తొమ్మిది వంతులు. మనం మాత్రం ఆ తొమ్మిదినే ప్రయాణం అనుకుంటాం. మిగతా తొంభై ఒకటికి పేరు కూడా లేదు.

పైగా ఆ గంట కూడా దూరంతో పెద్దగా మారేది కాదు. శంషాబాద్ నుంచి గన్నవరం ఆకాశంలో 264 కిలోమీటర్లు, మధురపూడి 361 కిలోమీటర్లు. వంద కిలోమీటర్ల తేడా ఉంది. కానీ రెండింటికీ అటూ ఇటూగా గంటే చెప్తారు. నేను ప్రోగ్రామ్‌లో పెట్టిన 800 కిలోమీటర్ల వేగం పెద్ద జెట్ విమానాలది. ఇలాంటి చిన్న రూట్లలో తిరిగే ఏటీఆర్ 72 పంకాల విమానం వేగం గంటకి 500 దగ్గర. ఆ లెక్కన మధురపూడికి 43 నిమిషాలు. మిగతా ఇరవై చిల్లర నిమిషాలు రన్‌వే దాకా పాకడానికి, పైకెక్కడానికి, కిందికి దిగి మళ్ళీ పాకడానికి పోతాయి. వంద కిలోమీటర్లు ఎక్కువైతే 12 నిమిషాలు పెరుగుతుంది, అంతే. అంటే విమానంలో దూరం దాదాపు ఫ్రీ. డబ్బులు కాదు నేననేది, టైమ్. మనకి టైమ్ ఖర్చయ్యేది విమానం ఎక్కేముందు, దిగాక.

మా క్లాస్‌మేట్స్‌కి ఇది వేరేలా చెప్తాను. అల్గారిథమ్స్‌లో బిగ్-ఓ నేర్చుకున్నప్పుడు స్థిరాంకాన్ని వదిలెయ్యమన్నారు గుర్తుందా? ఎన్ పెరిగేకొద్దీ దాని విలువ పోతుంది కాబట్టి. విమానానికి ఆ స్థిరాంకం ఐదారు గంటలు. ఢిల్లీ వెళ్ళేవాడికి ఎన్ పెద్దది. గూడెం నుంచి ఢిల్లీ ఆకాశంలోనే 1,400 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పోతాయి. వాడు ఐదారు గంటలు వదిలేసుకున్నా లాభమే. హైదరాబాద్ వెళ్ళే మనకి ఎన్ ఎప్పుడూ చిన్నదే. మన ప్రయాణమంతా స్థిరాంకమే.

ఇంకో సంగతి కూడా తేలింది. గ్రాఫ్ గీసేటప్పుడు ఊళ్ళు చుక్కలు, దారులు గీతలు, గీతకి బరువు అని నేర్పారు. డిజ్‌క్స్‌ట్రా అల్గారిథమ్ గీతల బరువులు కూడి తక్కువ దారి చెప్తుంది. మా అత్తిలి లాంటి ఊళ్ళకి బరువు గీతల మీద లేదు, చుక్కల మీద ఉంది. గూడెం స్టేషన్‌లో ఆటో కోసం, తణుకులో బస్సు కోసం, శంషాబాద్‌లో సెక్యూరిటీ లైన్‌లో. ఈ ముక్క కనిపెట్టానని కాసేపు నాకు నేనే గొప్పగా ఫీలయ్యాను. తర్వాత గుర్తొచ్చింది, ఇది అమ్మమ్మకి ఎప్పట్నుంచో తెలుసు. ఎవరైనా గూడెం ఎంత దూరమండీ అని అడిగితే ఆవిడ ఎప్పుడూ కిలోమీటర్లు చెప్పలేదు. "బస్సెక్కితే గంట. బస్సు రావడానికో గంట" అనేది. ఆవిడ రెండో క్లాసు చదివింది.

గీతల సంగతి కూడా పూర్తిగా వదలకూడదనుకోండి. హావర్‌సైన్ చెప్పే దూరం కాకి దూరం. ఆకివీడుకీ ఏలూరుకీ కాకి దూరం 33 కిలోమీటర్లే. మధ్యలో కొల్లేరు ఉంది. రోడ్డు కైకలూరు మీదుగా చుట్టూ తిరిగి రావాలి, యాభై దాటిపోతుంది. కొల్లేరు పొంగితే ఆ రోడ్డు మీదకి కూడా నీళ్ళొస్తాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద కొల్లేరులో పడ్డప్పుడు ఏలూరు–కైకలూరు రాకపోకలు ఆగిపోయిన సంగతి ఆ ఊళ్ళవాళ్ళకి గుర్తే. ఆటపాకకి వచ్చే గూడబాతులకి మాత్రం 33 కిలోమీటర్లంటే 33 కిలోమీటర్లే. అదే ఏలూరు–గూడెం చూడండి. కాకి దూరం 47 చిల్లర అన్నానా, రైలు దూరం 48. అంటే ఆ పట్టాలు దాదాపు కాకి ఎగిరినంత తిన్నగా వేశారన్నమాట. డెల్టా నేల బల్లపరుపుగా ఉంటే ఎంత సుఖమో! ఈ ఒక్క కిలోమీటరు తేడా చూసినప్పుడు నాకు రైలు మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి ఉంది. నేను మొదటిసారి బైక్ నేర్చుకున్నది దాని మీదే, మా ఫ్రెండ్ వెనక కూర్చుని బ్రేక్, బ్రేక్ అని అరుస్తుంటే. అక్కడ ఎయిర్‌పోర్ట్ వస్తుందని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా ఏడు చోట్ల విమానాశ్రయాలు కట్టాలని ప్రతిపాదించింది. కుప్పం, శ్రీకాకుళం, దగదర్తి, ఒంగోలు, నాగార్జునసాగర్, తుని–అన్నవరం, తాడేపల్లిగూడెం. కేంద్రంలో పౌర విమానయాన మంత్రి కూడా మన శ్రీకాకుళం ఆయనే, కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. కాబట్టి ఈసారి మాట కాస్త గట్టిగానే వినిపిస్తోంది. మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర అందరూ అదే మాట: గూడెంలో ఎయిర్‌పోర్ట్ వస్తే హైదరాబాద్ గంటే కదా.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఆ రోజు గుర్తొస్తుంది. అందుకే లెక్కేశాను. ఆ రోజు గూడెంలో ఎయిర్‌పోర్ట్ ఉండి, అదే ఒకటింబావు విమానం అక్కడికే వచ్చుంటే? రెండూ ఇరవైకి దిగేవాడు. బయటికొచ్చేసరికి రెండూ యాభై. అత్తిలికి నలభై నిమిషాలు. మూడున్నరకి ఇంట్లో ఉండేవాడు. రెండు గంటలు మిగిలేవి. ఆ రెండు గంటల విలువ ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ఎయిర్‌పోర్ట్ దండగ అని నేననను. కానీ అప్పటికీ ఆరుంబావుకి కారులో బయల్దేరినవాడి తర్వాతే వచ్చేవాడు. ఆ లెక్కలో కూడా ఒక మోసం ఉంది. ఒకటింబావు విమానం గూడేనికి ఉండేదా? రాజమండ్రికి, గన్నవరానికి ఇప్పటికే విమానాలున్నాయి. మధ్యలో ఇంకొకటి కడితే దానికి రోజుకి ఎన్ని వస్తాయి? ఒకటా, రెండా? ఆ ఒక్కటీ పొద్దున ఏడింటికి వెళ్ళిపోతే మావయ్యకి గూడెం ఎయిర్‌పోర్ట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మళ్ళీ మధురపూడే.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. చిన్న ఊళ్ళకి విమానాలు నడపడానికి కేంద్రం ఉడాన్ పథకం పెట్టింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు దాటకుండా కొన్ని సీట్లు, నష్టం వస్తే మూడేళ్ళ పాటు ప్రభుత్వమే భర్తీ చెయ్యడం మొదట్లో దాని పద్ధతి. 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి విమానాల్లో మన కడప–హైదరాబాద్ కూడా ఒకటి. మంచి ఉద్దేశమే. కానీ 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తి చేసినవి 112. గడువు అయ్యాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. 774లో 54. మన కాలేజీలో ఇలాంటి పాస్ పర్సంటేజ్ వస్తే ఏం చేస్తారో ఊహించుకోండి. కారణాలు చాలా ఉంటాయి, అన్నీ నేను చెప్పలేను. ఒకటి మాత్రం ఆ రోజు మావయ్య ప్రయాణంలోనే కనపడింది. 300, 400 కిలోమీటర్ల దూరంలో కారూ, రాత్రి రైలూ విమానంతో గట్టిగా పోటీ పడతాయి.

మా రూమ్‌మేట్‌ది భీమవరం. వాళ్ళ నాన్నగారికి రొయ్యల వ్యాపారం, నెలకి రెండుసార్లు ఢిల్లీయో కోల్‌కతాయో వెళ్తారు. ఇదంతా చదివి వాడు "నువ్వెక్కవు కాబట్టి ఎవరూ ఎక్కొద్దంటావేంట్రా?" అని గొడవపెట్టుకున్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఆయన గన్నవరం వెళ్ళడానికి పోయే మూడు గంటల్లో సగం పైన మిగిలితే ఆయనకి నిజంగా లాభం. గల్ఫ్ వెళ్ళేవాళ్ళకీ, అమెరికా వెళ్ళేవాళ్ళకీ లాభమే, అక్కణ్ణించి అలాంటి విమానాలు నడిస్తే. నేను చెప్పేది ఒకటే. ఆయన పేరు చెప్పి, ఢిల్లీ పేరు చెప్పి కట్టండి. "హైదరాబాద్ గంటే కదా" అని మా అమ్మకి చెప్పి కట్టకండి. ఎందుకంటే మా ఊరివాళ్ళు నూటికి తొంభైమంది వెళ్ళేది హైదరాబాదే, వాళ్ళలో విమానం ఎక్కేది చావుకో, చావుబతుకులకో. ఆ టైమ్‌లో తప్పు లెక్క చెప్పడం కన్నా అన్యాయం ఉండదు. (నూటికి తొంభై అన్నది కాగ్ లెక్క కాదు, నా లెక్క. మా వీధిలో ఇళ్ళు లెక్కపెట్టి చెప్తున్నా.)

గూడెం ఎయిర్‌పోర్ట్ గురించి ఏ రిపోర్ట్ రాసినా అందులో ఫ్లైట్ టైమ్ కాకుండా గుమ్మం నుంచి గుమ్మానికి పట్టే టైమ్ రాయాలని నా కోరిక. అత్తిలి, ఆకివీడు, గణపవరం, పెంటపాడు, నిడమర్రు, ఇలా ఒక్కో మండలం నుంచి. పొద్దున ఫోన్ వస్తే ఎప్పటికి చేరతాడు, సాయంత్రం వస్తే ఎప్పటికి చేరతాడు. ఈ లెక్క చెయ్యడం కష్టమేం కాదు, ఫస్టియర్ కుర్రాడు నాలుగు రాత్రుల్లో చేశాడు. అప్పుడు చాలా విషయాలు బయటపడతాయి. నా ప్రోగ్రామ్‌లో ఎదురుచూపుల కాలమ్ కలిపాక నాకు మొట్టమొదట బయటపడ్డది చెప్తాను, చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. పొద్దున ఆరుంబావు ప్రాంతాల లింగంపల్లిలో జన్మభూమి ఎక్స్‌ప్రెస్ బయల్దేరుతుంది. మియాపూర్ నుంచి లింగంపల్లి పొద్దున్నే పది నిమిషాలు. ఐదూ ఇరవైకి ఫోన్ వచ్చింది. జనరల్‌లో నిలబడైనా ఎక్కుంటే మధ్యాహ్నం రెండు ప్రాంతాల గూడెంలో దిగేవాడు. మూడింటికల్లా ఇంట్లో. కొన్ని వందల రూపాయల టికెట్. ఆ టైమ్‌లో ఎవరికీ తోచలేదు. అడిగితే చెప్పేవాళ్ళూ లేరు. అందరి నోటా గంటే కదా. ఈ సంగతి నేను మావయ్యకి చెప్పలేదు. చెప్పను కూడా. ఆయన ఈ పత్రిక చదవడు.

రెండోది చిన్నది. గౌతమి రాత్రికి లింగంపల్లిలో ఎక్కితే తెల్లారకుండా గూడెంలో దింపుతుంది. హైదరాబాద్ నుంచి మా వైపు వచ్చేవాళ్ళకి అంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు, పడుకుని వచ్చేస్తాం కాబట్టి ఆ టైమ్ లెక్కలోకే రాదు. కానీ దిగాక? చీకట్లో ఆటోలే దిక్కు. దసరా సెలవలకి నేను దిగినప్పుడు అత్తిలికి 500 అడిగాడు, 400కి వచ్చాడు. హైదరాబాద్ నుంచి గూడెం దాకా స్లీపర్ టికెట్ కన్నా గూడెం నుంచి మా ఇంటి దాకా 20 కిలోమీటర్లకి ఎక్కువ. బేరం ఇష్టం లేకపోతే తొలి బస్సు దాకా స్టేషన్‌లో దోమలు కొట్టుకుంటూ కూర్చోవాలి. ఆ రైలు టైమ్‌కి ఒక ఆర్టీసీ బస్సు స్టేషన్ బయట నిలబడి ఉంటే చాలు. రైలు లేటైతే అదీ ఆగాలి. దానికి రన్‌వే అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరూ మాట్లాడరు. శిలాఫలకం వెయ్యడానికి బస్సులో చోటెక్కడిది? అలాగే మధురపూడి నుంచి తణుకు మీదుగా భీమవరానికి, విమానాల టైమ్‌కి ఒక బస్సు. విజయవాడ–గుడివాడ–భీమవరం–నర్సాపురం, భీమవరం–నిడదవోలు మార్గాలన్నీ డబుల్ లైన్ వేసి కరెంటు పెట్టారు. మా ఊరి ముందు ఇప్పుడు రెండు పట్టాలున్నాయి. ఆ పట్టాల మీద గూడెంలోనో నిడదవోలులోనో దిగినవాణ్ణి అందుకునే చిన్న రైలు ఒకటి తెల్లారకుండా నడపలేమా? ఇలాంటివి చేసి చూసి, తర్వాత కూడా విమానం కావాలంటే నేనే వచ్చి జెండా పట్టుకుంటా.

ప్రోగ్రామ్ ఇప్పుడు నాలుగో వెర్షన్‌లో ఉంది. ఎదురుచూపుల కాలమ్‌కి కోడ్‌లో అమ్మమ్మ పేరు పెట్టాను, ఇంగ్లిష్ అక్షరాల్లో. గిట్‌హబ్‌లో చూసిన సీనియర్ ఒకాయన "ఈ వేరియబుల్ ఏంటి బ్రో" అని అడిగాడు. బస్సు రావడానికి పట్టే టైమ్ అన్నాను. ఏలూరు నుంచి గూడెం విమానంలో అని కొడితే ఇప్పుడది మూడున్నర నిమిషాలు చెప్పదు. రెండు చోట్లా ఎయిర్‌పోర్ట్ లేదు, రైలెక్కండి అంటుంది.

మొన్న మావయ్య ఫోన్ చేశాడు. వచ్చే మాఘంలో అమ్మమ్మ సంవత్సరీకం. "ఎలా రమ్మంటావురా?" అని అడిగాడు. ఇంతకుముందెప్పుడూ నన్నలా అడగలేదు. గౌతమికి బుక్ చేసుకో, అరవై రోజుల ముందు ఓపెన్ అవుతుంది, ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే కూర్చో అన్నాను. గూడెంలో ఆటోవాళ్ళతో నేను వేగలేనురా అన్నాడు. స్టేషన్ బయట బైక్ మీద నేనుంటాను మావయ్యా, చలిగా ఉంటుంది, మఫ్లర్ తెచ్చుకో అని చెప్పాను.